భాస్వరం ఎరువులు: గోదావరి డెల్టా, నెదర్లాండ్స్ – తరచుగా అడిగే ప్రశ్నలు

సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు దగ్గర పడుతుంటే ఏ సొసైటీ గోదాం దగ్గర చూసినా భాస్వరం ఎరువు డీఏపీ మాటే. లారీ దిగిందా, ఎకరాకి ఎన్ని కట్టలిస్తున్నారు, దాంతోపాటు ఇంకేమైనా అంటగడుతున్నారా అని. ఆ మాటల్లోనే ఎవరో ఒకరు అడుగుతారు: “పై దేశాల్లో ఎకరాకి ఎంత వేస్తారండీ?” ఆ ప్రశ్నకు, దాని వెంట వచ్చే మరికొన్నిటికి ఇక్కడ జవాబులు. పోలికకు తీసుకున్న దేశం నెదర్లాండ్స్.

అన్ని దేశాలుండగా నెదర్లాండ్స్ ఎందుకు?

అదీ డెల్టాయే కాబట్టి. రైన్, మ్యూస్, షెల్ట్ నదులు సముద్రంలో కలిసేచోట ఆ దేశం ఉంది. దాదాపు నాలుగో వంతు భూమి సముద్రమట్టం కంటే దిగువన ఉంటుంది. ఒండ్రు నేల, కాలువలు, మురుగునీటి సమస్య, ఏ మూల చూసినా పచ్చదనం. కోనసీమవాళ్ళు వెళితే నేల వాలు చూసి కొత్తగా అనిపించదు, చలికి తప్ప. పాలకొల్లు, నరసాపురం, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు (నెదర్లాండ్స్‌వాళ్ళు) బట్టల వ్యాపారం చేసుకున్న చరిత్ర ఎలాగూ ఉంది. జగన్నాథపురం వాళ్ళ చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది 1825లో.

అసలు కారణం మాత్రం వేరు. భాస్వరం విషయంలో ఈ రెండు చోట్లా సమస్య పూర్తిగా తలకిందులు. మనం కొని తెచ్చి నేలలో వేస్తున్నాం. వాళ్ళు నేలలో పేరుకుపోయింది ఎలా తగ్గించాలా అని చట్టాల మీద చట్టాలు చేస్తున్నారు.

సూటిగా చెప్పండి, ఎకరాకి ఎవరు ఎక్కువ వేస్తున్నారు?

కట్టల ఎరువు మాత్రమే లెక్కపెడితే మనమే ఎక్కువ. పేడ, కోడి ఎరువు కూడా కలిపితే వాళ్ళ లెక్క చాలా పెరిగిపోతుంది. చాలా పట్టికల్లో మొదటి లెక్కే ఉంటుంది. అది చూసి “ఐరోపాలో రసాయనాలు మానేశారు” అని నిర్ధారణకు వచ్చేస్తారు. మానేశారన్నది కొంతవరకు నిజమే. కానీ మానేయడానికి కారణం ప్రకృతి మీద ప్రేమ ఒక్కటే కాదు, పేడ అంతగా ఉండటం.

వాళ్ళ దేశం మొత్తం పశువుల ఎరువులోంచి వచ్చే ఫాస్ఫేట్‌కు (అంటే భాస్వరానికి) చాలాకాలం ఉన్న గరిష్ఠ పరిమితి ఏడాదికి 17.29 కోట్ల కిలోలు. తర్వాత దాన్ని ఇంకా దించారు. సాగుభూమి సుమారు 18 లక్షల హెక్టార్లు. భాగిస్తే హెక్టారుకు 96 కిలోలు, అంటే ఎకరాకి 39 కిలోల దాకా. ఇందులో కొంత ఎరువును శుద్ధి చేసి పక్క దేశాలకు పంపేస్తారు కాబట్టి అంతా పొలానికి చేరదు. అయినా ఒక్క కట్ట డీఏపీ వేయకుండానే ఇంత భాస్వరం వాళ్ళ దేశంలో తయారవుతోంది.

మరి పేపర్లో, యూట్యూబ్‌లో ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుందేం?

మూడు కారణాలున్నాయి. ఇవి తెలియకుండా రెండు దేశాల్ని పోల్చకూడదు.

మొదటిది, ఏ భాస్వరం అన్నది. మన కట్టలమీద రాసేది ‘పి2ఓ5’ (ఆక్సిజన్‌తో కలిసిన భాస్వరం) లెక్క. పరిశోధన పత్రాల్లో చాలాచోట్ల శుద్ధ భాస్వరం లెక్క ఉంటుంది. ఒక కిలో శుద్ధ భాస్వరం 2.29 కిలోల పి2ఓ5తో సమానం. ఒక దేశానికి ఒక లెక్క, ఇంకో దేశానికి ఇంకో లెక్క వాడితే తేడా రెండింతలు దాటిపోతుంది. ఈ పేజీలో భాస్వరం అని రాసిన ప్రతిచోటా అది పి2ఓ5 లెక్కే.

రెండోది, దేనితో భాగించారన్నది. మన దేశంలో ఏటా 80–90 లక్షల టన్నుల భాస్వరం అమ్ముడవుతుంది. నికరంగా సాగయ్యే భూమి 14 కోట్ల హెక్టార్లతో భాగిస్తే హెక్టారుకు సుమారు 60 కిలోలు. రెండో పంట, మూడో పంట విస్తీర్ణం కూడా కలిపి 21 కోట్ల హెక్టార్లతో భాగిస్తే 40 కిలోలే. రెండూ తప్పు కాదు. సార్వా, దాళ్వా (రబీ వరి) రెండూ పండే మన డెల్టాకు మాత్రం మొదటిదే, అంటే ఏడాది లెక్కే సరైనది. నేలకు చేరేది ఏడాది మొత్తం కదా.

మూడోది, పేడను కలిపారా లేదా. అది పైన చెప్పుకున్నాం.

దేశం సగటు చూసి మన ఊరిని అంచనా వేయడం కూడా పొరపాటే. రాజస్థాన్‌లో వర్షాధారంగా సజ్జ పండే పొలం, తణుకు పక్కన దాళ్వా వరి ఒకే సగటులో ఉంటాయి.

మన భాస్వరం ఎక్కడినుంచి వస్తోంది?

దాదాపు అంతా ఓడలోనే. మన దేశంలో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో, మధ్యప్రదేశ్‌లో కొంతమేర రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాయి) ఉంది కానీ అవసరానికి చాలదు. రాయి మొరాకో, జోర్డాన్, ఈజిప్టు, టోగోల నుంచి వస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం మొరాకో, జోర్డాన్, సెనెగల్, ట్యునీషియాల నుంచి వస్తుంది. తయారైన డీఏపీ సౌదీ అరేబియా, మొరాకో, రష్యా, చైనాల నుంచి దిగుతుంది. ప్రపంచంలో తెలిసిన నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలోనే ఉన్నాయి. కాకినాడలో కోరమాండల్ ఫ్యాక్టరీ ఉంది, పాతవాళ్ళు ఇప్పటికీ గోదావరి ఫెర్టిలైజర్స్ అనే అంటారు. అక్కడ డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు తయారవుతాయి, కానీ ముడిసరుకు సముద్రం దాటే రావాలి.

2021 చివర్లో చైనా ఎగుమతులు బిగించింది. అప్పటినుంచి మన ఊళ్ళో డీఏపీ కొరత మాట ఏటా వినిపిస్తూనే ఉంది. బీజింగ్‌లో తీసుకున్న నిర్ణయానికి ఆచంటలో క్యూ పెరుగుతుంది.

వాళ్ళకి పేడలో అంత భాస్వరం ఎలా వచ్చింది? ఆవులు తయారుచేస్తాయా?

చేయవు. మేతలోంచి వస్తుంది. బ్రెజిల్ లాంటి దేశాల నుంచి సోయా తెప్పించి ఆవులకు, పందులకు, కోళ్ళకు పెడతారు. పాలు, మాంసం, గుడ్లు బయటకు అమ్ముతారు. సోయాతో వచ్చిన భాస్వరంలో ఎక్కువ భాగం పేడగా అక్కడే మిగిలిపోతుంది. మనకు భాస్వరం కట్టల్లో వస్తే, వాళ్ళకు దాణాలో వచ్చింది. దశాబ్దాలపాటు ఆ పేడ తీసుకెళ్ళి పొలాల్లో, ముఖ్యంగా ఇసుక నేలల్లో పోసేశారు. చివరికి నేల ఇక పట్టి ఉంచుకోలేని స్థితి వచ్చింది. భాస్వరం కాలువల్లోకి, చెరువుల్లోకి దిగి నాచు పట్టించింది.

అక్కడ రైతు ఎంత వేయాలో ప్రభుత్వమే చెబుతుందా?

చెబుతుంది, అదీ పొలం పొలానికీ విడిగా. పరిమితులు 2006లో వచ్చాయి, మట్టి పరీక్షను బట్టి నిర్ణయించడం 2010 నుంచి. మట్టి పరీక్షలో భాస్వరం ఎంత ఉందో చూసి నేలను తరగతులుగా విడదీస్తారు. భాస్వరం బాగా తక్కువున్న నేలకు హెక్టారుకు 120 కిలోల దాకా వేసుకోవచ్చు. ఎక్కువున్న నేలలో పైరు వేస్తే 40 కిలోలకు మించకూడదు. గడ్డి భూములకు ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది, ఏడాదికి చాలాసార్లు కోస్తారు కాబట్టి. ఇది పేడ, కట్టల ఎరువు అన్నీ కలిపిన లెక్క.

ఇందులో నాకు అన్నింటికంటే నచ్చిన నిబంధన ఒకటుంది. మట్టి పరీక్ష చేయించకపోతే ఆ పొలాన్ని ‘భాస్వరం ఎక్కువున్న నేల’ కిందే జమకడతారు. అంటే తక్కువ కోటాయే. ఇంకాస్త వేసుకోవాలనుకునే రైతే పరుగెత్తి పరీక్ష చేయించుకుంటాడు. మన దగ్గర సరిగ్గా దీనికి ఎదురు: పరీక్ష చేయించకపోతే ‘ఎందుకైనా మంచిది’ అని నిండుగా వేసేస్తాం.

ఆవులకు కూడా కోటా ఉందని విన్నాం. నిజమేనా?

నిజమే. 2015 ఏప్రిల్ 1న ఐరోపాలో పాల కోటాలు (పాల ఉత్పత్తి మీద పరిమితులు) ఎత్తేశారు. డచ్చి రైతులు మందలు పెంచారు, దాంతో దేశం ఫాస్ఫేట్ పరిమితి దాటింది. 2018 జనవరి నుంచి పాడి రైతులకు ‘ఫాస్ఫేట్ హక్కులు’ పెట్టారు. 2015 జులై 2న ఎన్ని పశువులున్నాయన్నది దానికి ప్రాతిపదిక. హక్కు లేకుండా ఆవును పెంచడానికి లేదు. కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, ప్రతి అమ్మకంలో కొంత శాతం ప్రభుత్వం కోసేస్తుంది. ఆ జులై తేదీకి ముందే అప్పుచేసి కొట్టం కట్టి, ఆవుల్ని ఇంకా తేని రైతుల గతి ఏమిటని అక్కడ పెద్ద గొడవలే జరిగాయి. కోర్టులదాకా వెళ్ళాయి.

మనకి అలాంటి పరిమితి ఏదీ లేదా?

వాడకం మీద లేదు. మన ప్రభుత్వం పట్టుకున్న పగ్గం ధర. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద నియంత్రణ ఎత్తేశారు. 2010 ఏప్రిల్ నుంచి పోషకాన్ని బట్టి సబ్సిడీ ఇచ్చే పద్ధతి వచ్చింది. యూరియా మాత్రం ఆ పద్ధతిలోకి రాలేదు. ఫలితం కట్ట మీదే కనిపిస్తుంది: 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ 1,350 రూపాయలు. డీఏపీ ధర కూడా సబ్సిడీ పోగా మిగిలిందే.

మేం సార్వాకి ఒక కట్ట డీఏపీ, దాళ్వాకి ఒక కట్ట వేస్తాం. ఎక్కువా, తక్కువా?

లెక్కవేద్దాం. 50 కిలోల డీఏపీలో భాస్వరం 46 శాతం, అంటే 23 కిలోలు. నత్రజని 9 కిలోలు. ఏడాదికి రెండు కట్టలంటే ఎకరాకి 46 కిలోల భాస్వరం. హెక్టారుకు చెప్పుకుంటే 114 కిలోలు.

వరి తీసుకునేదెంత? ఒక టన్ను ధాన్యం పండితే గింజ, గడ్డి కలిపి పైరు సుమారు 6–7 కిలోల భాస్వరం లాగుతుంది. సార్వాలో 75 కిలోల బస్తాలు 30 అయ్యాయనుకోండి. అది రెండుంపావు టన్నులు, తీసుకునేది సుమారు 15 కిలోలు. దాళ్వాలో 45 బస్తాలైతే 22 కిలోలు. రెండూ కలిపి 37. వేసింది 46. గడ్డి పొలంలోనే ఉండిపోతే బయటకు పోయేది ఇంకా తక్కువ.

ఇంతవరకే అయితే పెద్ద ఇబ్బంది లేదు. నేలలో కొంత భాస్వరం పైరుకు అందని రూపంలోకి మారుతుంది కాబట్టి కాస్త ఎక్కువ వేయడం సబబే. కానీ చాలామంది ఇక్కడితో ఆగరు. పిలక దశలోనో, అంకురం ముందో 28-28 (నత్రజని, భాస్వరం చెరి 28 శాతం ఉన్న కాంప్లెక్స్ ఎరువు) ఒక కట్ట పైపాటుగా చల్లుతారు. అందులో మరో 14 కిలోల భాస్వరం. ఇలా రెండు పంటలకూ చేస్తే ఏడాదికి 74 కిలోలు, పైరు తీసుకునేదానికి రెండింతలు. డచ్చి దేశంలో భాస్వరం ఎక్కువున్న నేలకు అనుమతించే మోతాదుకు ఇది నాలుగున్నర రెట్లు పైమాటే.

28-28 వేస్తే చేను నల్లబడుతుంది కదా, పనిచేయకపోతే నల్లబడుతుందా?

నల్లబడేది, అంటే ముదురు ఆకుపచ్చగా మారేది, అందులోని నత్రజనికి. అదే నత్రజని యూరియాలో చాలా చవగ్గా వస్తుంది. వరికి భాస్వరం కావలసింది వేరు పట్టేటప్పుడు, పిలకలు తొడిగేటప్పుడు. అందుకే మొత్తం మోతాదు ఆఖరి దమ్ములో వేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్తూ వస్తోంది. పైన చల్లిన భాస్వరం చోటు నుంచి పెద్దగా కదలదు, పై పొరలోనే ఉండిపోతుంది. దుకాణంలో 28-28 చేతిలో పెట్టినంత మాత్రాన పైరు అడిగినట్టు కాదు.

సార్వాకీ దాళ్వాకీ ఒకే మోతాదు అవసరమా?

అవసరం లేదు. ఇక్కడ మన నేలకు ఒక గుణం ఉంది, నెదర్లాండ్స్ ఆరుతడి పొలాలకు అది లేదు. నీరు నిలబెట్టిన మడిలో గాలి అందక, నేలలో ఇనుముతో బిగుసుకుని ఉన్న భాస్వరం కొంత విడుదలవుతుంది. పైరుకు అది ఉచితంగా దొరికినట్టే. ఆరిన మట్టిని పరీక్షిస్తారు కాబట్టి ఈ వాటా భూసార పరీక్షలో పూర్తిగా కనపడదు కూడా.

దాళ్వా నాట్లు డిసెంబరు, జనవరి చలిలో పడతాయి. చల్లటి నేలలో వేరు నెమ్మదిగా సాగుతుంది, భాస్వరం సరిగా అందదు. అందుకే తగ్గించేదేదైనా ఉంటే సార్వాలో తగ్గించడం మంచిది, దాళ్వాలో కాదు. సార్వాలో వేసింది కూడా అంతా అయిపోదు. మొదటి పంట వాడుకునేది ఐదో వంతుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, మిగతాది తర్వాతి పంటలకు కొద్దికొద్దిగా అందుతుంది. సార్వా తర్వాత మినుము చల్లే చోట్ల ఆ మిగులే చాలావరకు పనిచేస్తుంది.

ఎక్కువైతే నేలలోనే ఉంటుంది కదా, నష్టమేముంది?

డబ్బు సంగతి అటుంచితే మొదట కనిపించేది జింకు లోపం. నేలలో భాస్వరం ఎక్కువయ్యేకొద్దీ పైరుకు జింకు అందడం తగ్గుతుంది. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, గిడసబారిన దుబ్బులు, చేను ఎత్తుపల్లాలుగా కనిపించడం. దీన్ని భాస్వరం లోపమనుకుని ఇంకో కట్ట వేసేవాళ్ళున్నారు. అప్పుడు రోగం ముదురుతుంది. భాస్వరం నిజంగా తక్కువైతే ఆకులు సన్నబడి, ముదురు ఆకుపచ్చగా నిటారుగా ఉంటాయి, పిలకలు తగ్గుతాయి, పంట ఆలస్యమవుతుంది. రెండింటికీ తేడా చూసుకోవాలి.

జింకు సల్ఫేటు వేసేవాళ్ళు దాన్ని డీఏపీతో గానీ సూపర్ ఫాస్ఫేట్‌తో గానీ కలపకూడదు. మధ్యలో కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి. పైరు మీద పిచికారీ అయితే లీటరు నీటికి 2 గ్రాములు.

రెండో నష్టం నీళ్ళది. దమ్ములో ఎరువు వేసి, మర్నాడు బురద నీరు బోదెలోకి వదిలేస్తే కట్ట కట్టే మురుగుకాలువలో కలుస్తుంది. డ్రెయిన్లలో గుర్రపుడెక్క అంత దట్టంగా పెరగడానికి పట్టణాల మురుగు, చేపల చెరువుల నీరు ఎంత కారణమో పొలాల ఎరువూ అంతో ఇంతో కారణం.

చేపల చెరువులు, కోళ్ళఫారాల భాస్వరం ఎవరైనా లెక్కపెడుతున్నారా?

ఎకరం లెక్కన ఎవరూ పెట్టడం లేదు. నాకు అన్నింటికంటే ఆందోళనగా అనిపించేది ఇదే. భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో నీటిలో ప్లవకాలు (చేపలు తినే సూక్ష్మజీవులు) పెరగడానికి సూపర్, పేడ, కోడి ఎరువు వేస్తారు. పైనుంచి మేత పడుతూనే ఉంటుంది. అనపర్తి వైపు కోళ్ళఫారాల ఎరువులో పశువుల పేడలో కంటే భాస్వరం ఎక్కువ. మేత బయటనుంచి వస్తుంది, ఎరువు ఇక్కడే ఉండిపోతుంది. నెదర్లాండ్స్ కథ మొదలైంది సరిగ్గా ఇలాగే. వాళ్ళు ఇప్పుడు కోడి ఎరువులో పెద్ద భాగాన్ని మూర్‌డైక్ అనే చోట కరెంటు కేంద్రంలో కాల్చి, భాస్వరం, పొటాష్ ఉన్న బూడిదను ఇతర దేశాలకు అమ్ముకుంటున్నారు.

పాత చెరువును పూడ్చి మళ్ళీ వరి వేసేవాళ్ళు మొదటి ఏడాది భాస్వరం వేసేముందు మట్టి తప్పనిసరిగా చూపించుకోండి.

నానో డీఏపీ సీసా కట్టకు బదులవుతుందా?

2023లో వచ్చిన ఇఫ్కో నానో డీఏపీ అర లీటరు సీసాలో భాస్వరం 16 శాతం, అంటే సుమారు 80 గ్రాములు. కట్టలో 23 కిలోలు. ఆకు మీద పడినది బాగా ఒంటబడుతుందనే అనుకుందాం, అయినా 15 కిలోలు లాగే పైరుకు 80 గ్రాములతో సరిపెట్టడం నా లెక్కకు అందడం లేదు. నేలలో నిల్వ బాగా ఉన్న పొలంలో సీసా వాడి కట్ట మానేస్తే దిగుబడి తగ్గకపోవచ్చు. ఆ ఘనత నేలదే.

డీఏపీ దొరక్కపోతే?

టెన్షన్ పడక్కర్లేదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మూడు కట్టల్లో 24 కిలోల భాస్వరం ఉంటుంది, గంధకం అదనం. నత్రజని కోసం 20 కిలోల యూరియా కలుపుకుంటే ఒక కట్ట డీఏపీకి సరిపోతుంది. మోయడం, చల్లడం కష్టమన్నది నిజమే. 20-20-0-13 (నత్రజని, భాస్వరం, గంధకం ఉన్న కాంప్లెక్స్) కూడా దమ్ములో వేసుకోవచ్చు.

డచ్చివాళ్ళ పద్ధతి ఇక్కడ పెడితే బాగుంటుందా?

హెక్టారుకు పరిమితి, జరిమానా అన్న పద్ధతి ఇక్కడ నడవదు. అక్కడ రైతు చేతిలో పదుల హెక్టార్లుంటాయి, లెక్కలు రాయడానికి మనిషి ఉంటాడు. ఇక్కడ సాగుచేసేవాళ్ళలో చాలామంది కౌలుదారులు, చేసేది రెండెకరాలో మూడెకరాలో. కౌలు వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియనివాళ్ళు నేలలో నిల్వ గురించి ఎందుకు ఆలోచిస్తారు? భూసార కార్డు భూయజమాని పేరు మీద ఉంటుంది, కట్ట కొనేది కౌలుదారు. ఈ ముడి విప్పకుండా నిబంధనలు తెస్తే భారం పేదవాడి మీదే పడుతుంది.

తెచ్చుకోదగ్గది ఒకటే: మోతాదు నిర్ణయించేది దుకాణం కాకుండా మట్టి అయ్యేలా చూడటం. పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే సిఫార్సులో 30 శాతం తగ్గించమని, తక్కువని వస్తే 30 శాతం పెంచమని మన దగ్గరా సూత్రం ఉంది. సూత్రం ఉంది కానీ కార్డు బీరువాలో ఉంది.

మట్టి ఎప్పుడు, ఎలా తీయాలి?

దాళ్వా కోత అయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో, కొత్తగా ఏ ఎరువూ వేయకముందు. గట్ల పక్క, చెట్ల నీడ, పేడ పోగు వేసిన చోటు వదిలేయండి. పొలంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, ఒక పక్కనుంచి పైనుంచి కిందిదాకా మట్టి గీకి తీయండి. అన్నీ కలిపి, నీడన ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. ఎరువుల సంచిలో మాత్రం వేయకండి, అంటుకున్న పొడి చాలు ఫలితం తారుమారవడానికి. సర్వే నంబరు, పేరు, గత రెండు పంటలు చీటీ మీద రాసి గుడ్డసంచిలో పెట్టి మీ రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. కౌలుకు చేస్తుంటే చీటీ మీద మీ ఫోన్ నంబరు కూడా రాయండి, లేకపోతే ఫలితం భూయజమాని దగ్గరే ఆగిపోతుంది.